లినక్స్ నేర్చుకుందాం – 5వ పాఠం: వెర్షన్ నంబరు చదవడం

పోయిన పాఠంలో పెన్‌డ్రైవ్ నుంచి ఉబుంటు ఎక్కించుకున్నాం. ఇప్పుడు సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లో అబౌట్ నొక్కండి. 24.04 అని కనిపిస్తే అది విడుదలైన నెలే: 2024 ఏప్రిల్. 25.10 అంటే 2025 అక్టోబరు. 2004 అక్టోబరులో వచ్చిన మొట్టమొదటి ఉబుంటు 4.10. అప్పటి నుంచి వానాకాలం, యాసంగి పంటల్లా ఏడాదికి రెండు విడుదలలు.

అన్నీ ఒక్క తీరుగా ఉండవు. మామూలు విడుదలకు సెక్యూరిటీ అప్‌డేట్లు 9 నెలలే. రెండేళ్లకోసారి వచ్చే ఎల్‌టీఎస్‌కు (లాంగ్ టర్మ్ సపోర్ట్, అంటే ఎక్కువ కాలం అప్‌డేట్లు అందే విడుదల) మాత్రం 5 ఏళ్లు. ఏ ఏడాది ఎల్‌టీఎస్ వస్తుందో గుర్తుపెట్టుకోవడం మన వరంగల్ వాళ్లకు తేలిక. మేడారం జాతర జరిగే ఏడాదే అది. 2022లో జాతర, 22.04. 2024లో జాతర, 24.04.

పోలిక అక్కడితో ఆగదు. రోడ్డు పని పూర్తి కాలేదని సమ్మక్క గద్దెకు రావడం ఆగదు కదా. ఉబుంటులోనూ తేదీ ముందే ఖరారు, అప్పటికి తయారుకాని ఫీచర్ తర్వాతి విడుదలకు పోతుంది. 2006లో మాత్రం, ఏప్రిల్‌లో రావాల్సిన మొదటి ఎల్‌టీఎస్ జూన్‌కు జరిగింది. అందుకే దాని నంబరు 6.06.

ఉబుంటుకు మూలమైన డెబియన్ దారి వేరు. సిద్ధమైతేనే విడుదల. 2002 జులైలో 3.0 వస్తే, 3.1 కోసం 2005 జూన్ దాకా ఎదురుచూడాల్సి వచ్చింది. దాదాపు మూడేళ్లంటే, ఆలోపు కొన్న కొత్త కంప్యూటర్లలోని భాగాలను పాత కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే లినక్స్ మూల భాగం) గుర్తుపట్టకపోవచ్చు. ఇప్పుడు డెబియన్ కూడా రెండేళ్లకు అటూ ఇటూగా వస్తోంది: 12వది 2023 జూన్‌లో, 13వది 2025 ఆగస్టులో. ఇంకో లినక్స్ అయిన ఫెడోరా ఆరు నెలలకోసారి వస్తుంది, ఒక్కో విడుదలకు సుమారు 13 నెలల అప్‌డేట్లు.

నేర్చుకునేవాళ్లకు, ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఆరు నెలల విడుదల మంచిదే. బతుకుదెరువు నడిచే మెషీన్‌కు మాత్రం రెండేళ్లే సరైన గడువని నా గట్టి నమ్మకం. హన్మకొండలో తెలిసినవాళ్ల జిరాక్స్ షాపులో, పరీక్షల రోజుల్లో, కొత్తది వచ్చింది కదా అని నేనే అప్‌గ్రేడ్ చేశాను. ప్రింటర్ పనిచేయలేదు. హాల్‌టికెట్ల కోసం పిల్లలు లైన్లో నిలబడి ఉన్నారు. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

కాబట్టి ఎల్‌టీఎస్ అయినా రాగానే వేయకండి. చివర .1 చేరిన వెర్షన్ సాధారణంగా ఆగస్టులో వస్తుంది. ఏప్రిల్ తర్వాత బయటపడ్డ లోపాల సవరణలు అందులో ఉంటాయి. పాత ఎల్‌టీఎస్ వాడేవాళ్లకు ఉబుంటు కూడా అది వచ్చాకే అప్‌గ్రేడ్ చూపిస్తుంది. ఎనుమాముల మార్కెట్లో లెక్కలు రాసే మెషీన్ ఉందనుకోండి, ఆగస్టుకల్లా మిర్చి సీజన్ ఒత్తిడి కూడా ఉండదు.

అభ్యాసం: ఒక కంప్యూటర్లో 23.10, ఇంకోదానిలో 22.04 ఉన్నాయి. ముందు ఏది మార్చాలి? 23.10కి 9 నెలలు కలపండి, 2024 జులైతోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. 22.04కి 5 ఏళ్లు కలిపితే 2027 ఏప్రిల్. ఇప్పుడు మీ సొంత మెషీన్ నంబరు చూసి, దాని గడువు తేదీ నోట్‌బుక్‌లో రాసుకోండి. అప్‌గ్రేడ్‌కు ముందు ఫైళ్లు బ్యాకప్ చేయడం వచ్చే పాఠంలో.