ఆన్‌లైన్ దుకాణం, 3వ పాఠం: బీరువాలో ఎన్ని, తెరమీద ఎన్ని?

గత రెండు పాఠాల్లో పాత ఆన్‌లైన్ దుకాణం నుంచి సరుకుల జాబితాను సీఎస్‌వీ ఫైలుగా (స్ప్రెడ్‌షీట్‌లో తెరవగలిగే సాదా పట్టికగా) దించుకున్నాం, ఫొటోలూ ధరలూ కొత్తదానిలోకి ఎక్కించాం. తెరమీద అంతా కళకళలాడుతోంది. అయినా అమ్మకం ఇంకా తెరవకండి. ఇప్పుడు కనిపిస్తున్న నిల్వ అంకెలు పాత దుకాణానివే, దాని తప్పులతో సహా వచ్చాయి.

నేను బతుకమ్మ ముందు వారంలో తొందరపడి తెరిచాను. ఒకే గద్వాల చీరను మహబూబ్‌నగర్‌లో ఒకరూ మిర్యాలగూడలో ఒకరూ కొన్నారు. గద్వాల చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. పాత దుకాణంలో దాన్ని నూలు చీరల కింద ఒకసారి, పట్టు చీరల కింద మరోసారి నమోదు చేసి ఉంచాను. రెండుచోట్లా నిల్వ 1. బీరువాలో ఉన్నది ఒక్కటే. ఒకరికి డబ్బు తిరిగి పంపి, పండుగ పూట క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. కాబట్టి ఒక వస్తువుకు ఒకటే కోడ్, అంటే దాన్ని గుర్తించే సంఖ్య. రెండు విభాగాల్లో కనిపించాలంటే అదే కోడ్‌ను రెండింటికీ జతచేయండి, వస్తువును మళ్ళీ నమోదు చేయకండి.

కోడ్‌ల సంగతి వచ్చింది కనుక ఫైలును ఒకసారి తెరిచి చూద్దాం. 0457 అని రాసుకున్న కోడ్ స్ప్రెడ్‌షీట్‌లో 457 అయి కూర్చుంటుంది. 10-12 అని రాసినది తేదీగా మారిపోతుంది. ఫైలుపై రెండుసార్లు నొక్కి నేరుగా తెరిస్తే జరిగేది ఇదే. అలా కాకుండా స్ప్రెడ్‌షీట్‌లోకి దిగుమతి చేసుకుంటూ, కోడ్‌లున్న నిలువు వరుసను టెక్స్ట్‌గా ఎంచుకోవాలి. నిల్వ గడి ఖాళీగా ఉన్న వస్తువులనూ వెతకండి. ఖాళీ అంటే ఒక వేదికకు (ఆన్‌లైన్ దుకాణాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌కు) సున్నా, మరొకదానికి లెక్క పెట్టనక్కర్లేని సరుకు. రెండోదైతే లేని చీరను కూడా అమ్మేస్తుంది. ఖాళీ గడిలో 0 అని స్పష్టంగా రాసేయండి.

ఇక లెక్కింపు. ఇద్దరు కూర్చోవాలి, ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు రాయాలి. కంప్యూటర్‌లో ఎంత ఉందో లెక్కపెట్టేవారికి చెప్పకూడదు. చెబితే చేతులు ఆ అంకె దగ్గరే ఆగుతాయి. మా ఇంట్లో లెక్కపెట్టేది మా అత్తమ్మ. పోచంపల్లి దుపట్టాల అర దగ్గర నేను "తొమ్మిది ఉండాలి అత్తమ్మా" అని నోరు జారాను. "ఉండాలో లేదో తర్వాత, ఉన్నవి ఏడు" అని ఆమె మళ్ళీ మొదటినుంచి ఎంచింది. ఏడే.

ఆ ఏడులో రెండు అప్పటికే పాత దుకాణంలో అమ్ముడై, ఇంకా పంపాల్సినవి. మరి కొత్త దుకాణంలో 7 రాయాలా, 5 రాయాలా? చాలామంది ఇక్కడే తడబడతారు. పాత ఆర్డర్లను కొత్త వేదికలోకి తేకపోతే ఆ రెండు దుపట్టాల సంగతి దానికి తెలియదు. అప్పుడు 5 రాయండి, రెండింటినీ విడిగా కట్టి పేర్లు అంటించి పెట్టండి. పాత ఆర్డర్లను పంపాల్సినవిగా కొత్తదానిలోకి తెచ్చి ఉంటే, వాటిని అది తానే మినహాయించుకుంటుంది. అప్పుడు చేతిలో ఉన్నవి 7 అనే రాయాలి. అక్కడ కూడా 5 రాస్తే రెండుసార్లు తీసివేసినట్టై తెరమీద 3 కనిపిస్తుంది. షాపిఫై అనే వేదికలో చేతిలో ఉన్నవి, ఆర్డర్లకు కేటాయించినవి, అమ్మదగినవి వేర్వేరు గడుల్లో ఉంటాయి. మీరు అంకె రాస్తున్నది ఏ గడిలోనో పైనున్న పేరు చదివి మరీ రాయండి. లెక్కింపు మొదలయ్యేసరికి పాత దుకాణంలో అమ్మకం ఆపేసి ఉండాలి, లేకపోతే ఈ శ్రమంతా నీళ్ళపాలు.

మీటర్ల లెక్కన ఇకత్ గుడ్డ అమ్మేవారికి ఇంకో చిక్కు. తానులో 12.5 మీటర్లు ఉంటుంది, కానీ చాలా వేదికలు నిల్వను పూర్ణాంకాల్లోనే తీసుకుంటాయి. అరమీటరును ఒక యూనిట్ చేసుకుంటే తాను 25 యూనిట్లు. ధరను కూడా అరమీటరుకు మార్చడం మరవకండి. మీటరు 320 రూపాయలైతే యూనిట్ 160. "1 యూనిట్ అంటే అరమీటరు" అని వివరణలో మొదటి వాక్యంగా రాయండి. జాకెట్టు గుడ్డ కొనేవారికి అది కనబడకపోతే అరమీటరు ముక్క అందుకుని మీకు ఫోను చేస్తారు.

మగ్గం మీద ఉన్న చీర నిల్వ కాదు. నేతన్న "శుక్రవారం కోస్తాను" అన్నా సరే, కోసి, మడతపెట్టి, మీ బీరువాలోకి వచ్చాకే అంకె పెంచాలి. వానాకాలం అద్దకానికి ఎండ దొరక్క ఎన్ని శుక్రవారాలు జారిపోయాయో లెక్క లేదు. ముందే అమ్ముకోవాలనుకుంటే "నేయించి ఇచ్చేవి" అని వేరే వస్తువుగా పెట్టి, ఎన్ని రోజులు పడుతుందో కాస్త ఎక్కువే చెప్పండి. నిల్వ అయిపోయినా అమ్మకం కొనసాగించే ఎంపికను ఆ ఒక్కదానికే ఉంచి, మిగతా అన్నింటికీ తీసేయండి. కొన్ని వేదికల్లో ఇది ముందే టిక్ అయి ఉంటుంది.

ఈ వారం అభ్యాసం: ఒక్క అర ఎంచుకోండి, మొత్తం బీరువా వద్దు. లెక్కపెట్టి, తేడా వచ్చిన ప్రతి కోడ్ పక్కన కారణం రాయండి: చిరిగినది, బంధువులకు చూపడానికి ఇచ్చినది, తిరిగొచ్చి నమోదు కానిది, తెలియనిది. చివరిదైన "తెలియనిది" కింద ఎన్ని పడ్డాయో రాసి పెట్టుకోండి, 4వ పాఠంలో దుపట్టాలు ఎన్ని మిగిలినప్పుడు మళ్ళీ నేయించాలో లెక్కకట్టేటప్పుడు ఆ కాగితం కావాలి.