కొలెస్ట్రాల్‌కు తిండి పాఠాలు – 3: జిగట పరీక్ష

రక్తపరీక్ష రిపోర్టులో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) అంకె చదవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి నేర్చుకోవలసింది ఒక్కటే: తినేదానిలో కరిగే పీచు, అంటే నీళ్లలో కలిసి జిగటగా మారే పీచు, ఉందో లేదో పసిగట్టడం.

రెండు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో రెండు చెంచాల ఓట్స్, రెండోదానిలో అంతే గోధుమ పొట్టు వేసి వేడినీళ్లు పోసి పావుగంట ఆగండి. ఇప్పుడు వేళ్ల మధ్య రాసి చూడండి. ఓట్స్ నీళ్లు జిగటగా జారుతుంటాయి. పొట్టు నానుతుందే గానీ నీరు నీరులాగే ఉంటుంది. పొట్టు మలబద్ధకానికి మంచిదే, కానీ కొలెస్ట్రాల్‌ను తగ్గించడంలో దాని సాయం పెద్దగా ఉండదు. మనకు కావలసింది ఆ జిగట.

ఎందుకో తెలిస్తే ఈ పాఠం మరిచిపోరు. కాలేయం కొలెస్ట్రాల్‌తోనే పైత్యరస ఆమ్లాలు తయారుచేసి, కొవ్వు అరగడానికి పేగులోకి పంపుతుంది. పని అయ్యాక వాటిలో దాదాపు 95 శాతం చిన్నపేగు చివరి నుంచి మళ్లీ కాలేయానికే చేరుకుంటాయి. జిగట ఆ దారికి అడ్డుపడి కొన్నిటిని మలంతో బయటికి తీసుకుపోతుంది. లోటు పూడ్చుకోవాలంటే కాలేయానికి కొలెస్ట్రాల్ కావాలి కదా, అందుకని రక్తంలోని ఎల్‌డీఎల్‌ను లాక్కుంటుంది. అలా లాక్కునేవి కణాల మీద ఉండే గ్రాహకాలు; వాటిపై చేసిన పరిశోధనకే శాస్త్రవేత్తలు బ్రౌన్, గోల్డ్‌స్టీన్‌లు 1985లో నోబెల్ అందుకున్నారు. నాకైతే ఈ ఏర్పాటు ఎన్నిసార్లు చదివినా ఆశ్చర్యమే.

ఇక లెక్క. ఓట్స్, బార్లీల్లోని జిగట పేరు బీటా గ్లూకాన్. రోజుకు 3 గ్రాములు అందాలి. 40 గ్రాముల ఓట్స్‌లో ఒకటిన్నర గ్రాములకు పైగా ఉంటుంది, అంటే రోజుకు రెండు పూటలు. వారాల తరబడి మానకుండా తింటే ఎల్‌డీఎల్ 5 నుంచి 7 శాతం దాకా తగ్గవచ్చు. అంతకు మించి ఆశపడకండి. డాక్టరు రాసిన మాత్రలు దీన్ని నమ్ముకుని ఆపేయవద్దు. ఓట్స్ నచ్చనివారికి చిక్కుడు గింజలు, యాపిల్, అవిసె గింజలు ఉన్నాయి. పండును వడకట్టిన రసంగా తాగితే పీచు చాలావరకు పిప్పిలోనే మిగిలిపోతుంది, కొరికి తినండి.

తాగేవాటిలో జాగ్రత్త పడవలసింది కాఫీతో. వడకట్టకుండా మరిగించిన కాఫీలో కెఫెస్టాల్ అనే పదార్థం ఎల్‌డీఎల్‌ను పెంచుతుంది. కాగితపు ఫిల్టర్ దాన్ని చాలావరకు ఆపేస్తుంది.

ఈ వారం అభ్యాసం: మొదటి మూడు రోజులు ఒక్క పూటే 40 గ్రాముల ఓట్స్, నాలుగో రోజు నుంచి రెండో పూట కూడా. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బరిస్తుంది. నీళ్లు బాగా తాగండి. ఇంట్లోని మరో మూడు పదార్థాలకు జిగట పరీక్ష చేసి, ఏది నెగ్గిందో నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. నాలుగో పాఠంలో వెన్న, నూనెల సంగతి చూసేటప్పుడు ఆ పేజీతో పని పడుతుంది.