లె మాన్స్ గేమ్‌లో ఇంధనం మిగిల్చుకునే చిట్కా

ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల కార్ల పందెం ఆధారంగా వచ్చిన వీడియో గేమ్‌లలో సుదీర్ఘ రేసు ఆడేవారు ముందుగా ఇంధనం పొదుపు నేర్చుకోవాలి. 13.626 కిలోమీటర్ల ఆ ట్రాక్‌పై మల్సాన్ స్ట్రెయిట్ అనే పొడవైన తిన్నని దారి చివర, బ్రేకు వేయవలసిన చోటుకు సుమారు వంద మీటర్ల ముందే ఆక్సిలరేటర్ మీది నుంచి కాలు పూర్తిగా తీసి, కారును దాని ఊపుమీదే పోనిచ్చి, ఆ తరువాతే బ్రేకు నొక్కండి. శ్రీకాకుళం నుంచి రణస్థలం మీదుగా విజయనగరం వచ్చే ఆర్టీసీ బస్సులో, అనుభవం గల డ్రైవరు స్టాపు దూరాన కనబడగానే కాలు తీసేయడం నేను ముందు సీట్లోంచి ఎన్నోసార్లు గమనించాను; పద్ధతి అదే. ల్యాప్‌కు, అంటే ట్రాక్ చుట్టూ ఒక చుట్టుకు, కొద్దిపాటి సమయమే పోతుంది గాని, ఒక ట్యాంకుతో మరో ల్యాప్ తిరగగలిగితే మొత్తం రేసులో ఇంధనం నింపుకోవడానికి ఆగే పిట్ స్టాప్ ఒకటి తప్పే అవకాశం ఉంటుంది. వెనుక మరో కారు అంటుకుని వస్తున్నప్పుడు మాత్రం ఇలా చేయకండి.