పాత సినిమాల షాట్లతో కొత్త యాక్షన్ సన్నివేశం కూర్చడం

తక్కువ బడ్జెట్ యాక్షన్ చిత్రంలో మరో సినిమా దృశ్యాలను వాడదలచినవారు స్క్రిప్టు పూర్తయ్యాక వాటి కోసం వెతకడం మొదలుపెడితే పని చెడుతుంది. దృశ్యాలు ముందు చేతికి రావాలి, సన్నివేశాన్ని వాటికి తగినట్టు రాసుకోవాలి. తక్కువ బడ్జెట్ చిత్రాలకు పేరొందిన హాలీవుడ్ నిర్మాత రోజర్ కోర్మన్ 1980 నాటి ‘బాటిల్ బియాండ్ ది స్టార్స్’లోని అంతరిక్ష యుద్ధాలను 1983లో ‘స్పేస్ రైడర్స్’కు సంగీతంతో సహా వాడుకున్నారు, రెండూ ఆయన నిర్మించినవే.

ఆ వెసులుబాటు లేనివారు హక్కుదారుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. థియేటర్, టీవీ, ఓటీటీలలో వేటికి, ఏ దేశాల్లో, ఎన్నేళ్ళపాటు అనుమతి ఉందో అందులో స్పష్టంగా ఉండాలి. దృశ్యానికి అనుమతి దొరికినంత మాత్రాన సంగీతానికీ, నటుల ముఖాలకూ దొరికినట్టు కాదు. ముఖాలు గుర్తుపట్టగల షాట్లను మొదటే పక్కన పెట్టడం మేలు.

ఎంచుకున్న ప్రతి షాట్‌లో వాహనం రంగు, మోడల్, అది కదిలే దిశ, వెలుగు పడే వైపు, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్నవి రాసుకోవాలి. షూటింగ్‌కు ఆ పట్టికే ఆధారం. లోయలో పడే కారు పాత సినిమాదైతే, అదే రంగు కారు తలుపు, స్టీరింగ్ పట్టుకున్న చేతులు, ఉలిక్కిపడిన హీరో ముఖం మనం తీయాలి. కారు మొత్తం కనిపించే షాట్ తీయాలన్న ఆశ వదులుకోవాలి, ఎందుకంటే తేడాలు బయటపడేది అక్కడే. దిశ కుదరలేదని షాట్‌ను అద్దంలోలా తిప్పేస్తే నంబర్ ప్లేటు అక్షరాలు తిరగబడతాయి, స్టీరింగ్ అవతలి పక్కకు పోతుంది. ప్రేక్షకులు దీన్ని ఇట్టే పట్టేస్తారు.

షాట్ల రంగులు, వెలుగు సరిచేసే కలర్ గ్రేడింగ్‌లో చాలామంది పాత షాట్‌కు మెరుగులు దిద్దడానికి ప్రయత్నిస్తారు. ఫిల్ములో లేని వివరాన్ని నమ్మదగినట్టు పుట్టించడం కష్టం కాబట్టి కొత్త షాట్లకే గ్రెయిన్ (ఫిల్ము మీద కనిపించే సన్నని చుక్కల్లాంటి గరుకుదనం) చేర్చి, పదును తగ్గించి, నలుపును కొంచెం వెలిసినట్టు చేయాలి. సెకనుకు 25 ఫ్రేముల దృశ్యాన్ని 24కు నెమ్మదింపజేస్తే వచ్చే 4 శాతం తేడా సాధారణంగా కంటికి ఆనదు. 30 ఫ్రేముల వీడియోను 24కు మార్చినప్పుడు మాత్రం కదలిక కుదుపుగా కనిపించవచ్చు. ఫ్రేమ్ వెడల్పు, ఎత్తుల నిష్పత్తి వేరైతే పై భాగమో కింది భాగమో కత్తిరించాలే గానీ బొమ్మను సాగదీయకూడదు.

చివరగా, పాత శబ్దాన్ని పూర్తిగా తీసేసి, ఇంజిన్, గాలి, పేలుడు శబ్దాలను కొత్తగా, రెండు రకాల షాట్ల మీదుగా కట్ దగ్గర తెగకుండా పరచాలి.