కావలికి మారాక మొరాయించిన కుట్టుమిషన్

ఒంగోలు నుంచి కావలికి సామానంతా లారీలో క్షేమంగా వచ్చింది, కుట్టుమిషన్ తప్ప. పైన కుట్టు బాగానే పడుతోంది, గుడ్డ తిప్పితే కింద దారం ఉండలు ఉండలుగా! "బాబిన్ కేసు స్క్రూ బిగించు అమ్మాయ్" అంది పక్కింటి అక్క. కింద దారపు చుట్ట ఉండే చిన్న డబ్బీయే బాబిన్ కేసు. ఆ స్క్రూ జోలికి పోలేదు. కింద ఉండలు కడితే చాలావరకు తేడా పై దారంలోనే ఉంటుంది.

గుడ్డను నొక్కిపట్టే మిషన్ పాదం పైకి ఎత్తితే, పై దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లలు వదులవుతాయి. వాటి మధ్య పల్చటి నూలుగుడ్డ పెట్టి లాగితే పీచు, ఓ తెగిన దారపు ముక్క బయటపడ్డాయి. పాదం ఎత్తే ఉంచి దారం మళ్లీ ఎక్కించాను. దించి ఎక్కిస్తే బిళ్లల మధ్యకు దిగదు. సూది కూడా మార్చాను, 14 నంబరు. బాబిన్ కేసును దారంతో వేలాడదీసి కుదిపితే కాస్త జారి ఆగింది, అంటే స్క్రూ సరిగ్గానే ఉంది.

సముద్రపు గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది, అందుకే మిషన్ ఆయిల్ వేసి, మరక పోయేదాకా పాతగుడ్డ మీద కుట్టాను. కుర్తీ కోసం తెచ్చిన నూలుగుడ్డ మాత్రం ముందు నానబెట్టి ఆరేశాను. కత్తిరించాక కుంచించుకుపోతే ఎవరూ ఏం చేయలేరు. ఇప్పుడు కుర్తీకి చేతులు కుట్టడం తప్ప అంతా అయింది.