స్టిక్ భుజానేసుకుని ఊళ్లు తిరిగేవాళ్లకి

నేను పెళ్లికెళ్లినా ఆఫీసు పని మీదెళ్లినా బ్యాగులో ఒక జత బట్టలు తగ్గితే తగ్గాయి గానీ స్నూకర్ ఆడే స్టిక్ మాత్రం ఉండాల్సిందే. ఇంట్లోవాళ్లు పిచ్చి అంటారు, కాదనను. ఫ్రెండ్స్ తరచూ అడుగుతుంటారు, బెంగళూరెళ్తున్నా మంచి పూల్ పార్లర్ పేరు చెప్పు, వైజాగ్‌లో ఎక్కడ బాగుంటది, అని. పేరు చెప్తే ఏంటంటే, నేను చెప్పిన పార్లర్ మీరెళ్లేసరికి మూతపడి ఉంటది, లేదా ఓనర్ మారి ఉంటాడు, లేదా రెండు టేబుళ్లు తీసేసి పీఎస్ ఫైవ్ సోఫాలు వేసి ఉంటారు, తర్వాత తిట్లు నాకు. అందుకే పార్లర్ల పేర్లు చెప్పను, కొత్త ఊళ్లో మంచి టేబుల్ ఎలా పట్టుకోవాలో చెప్తా.

ముందు మ్యాప్స్‌లో పూల్ అనీ స్నూకర్ అనీ విడివిడిగా కొట్టండి. రేటింగ్ పట్టించుకోవద్దు, ఆ స్టార్లు ఫ్రెంచ్ ఫ్రైస్‌కి కూడా ఇస్తారు. జనం పెట్టిన ఫొటోలు చూడండి. నీలం లైట్లు, హుక్కా, గోడ మీద రెక్కల బొమ్మ కనిపిస్తున్నాయా, అయితే పై పటారం లోన లొటారం అనుకుని వదిలెయ్యండి. ట్యూబ్‌లైట్ షేడ్ కింద గళ్ల చొక్కా వేసుకున్న యాభై ఏళ్లాయన వంగి షాట్ కొడుతున్న ఫొటో దొరికిందా, అక్కడికెళ్లండి. వెళ్లేముందు ఒక ఫోన్ కొట్టి మూడే అడగండి. స్నూకర్ టేబుళ్లు ఎన్ని, పూల్ టేబుల్ 8 అడుగులా 9 అడుగులా, టేబుల్ మీది క్లాత్ ఎప్పుడు మార్చారు. మొదటి రెండూ ఎవడైనా చెప్తాడు. మూడోదానికి "దసరాకి మార్చాం సార్, రెండో టేబుల్‌ది మాత్రం పాతది" అని టక్కున వచ్చిందంటే ఆ మనిషికి టేబుల్ మీద ప్రేమ ఉన్నట్టే. "బాగానే ఉంటది రండి సార్" అన్నాడంటే ఇంకో నంబర్ కొట్టుకోండి.

టైమింగ్ చాలా ముఖ్యం. కొత్త ఊళ్లో మొదటిసారి వెళ్లడానికి వారం మధ్యలో పొద్దున్న 11 తర్వాత బెస్ట్. అప్పుడే టేబుల్ బ్రష్ కొట్టి ఉంటారు, కాలేజీ గ్యాంగులు ఇంకా రారు, బాళ్లు పేర్చి స్కోర్ చెప్పే మార్కర్‌కి మీతో మాట్లాడే తీరికుంటది. రాత్రి ఏడు దాటాక వచ్చేవాళ్లు వేరే, ఆ ఊరి అసలు ఆటగాళ్లు అప్పుడే దిగుతారు. నేను పగలు ఒంటరిగా గంట ఆడుకుని, రాత్రి మళ్లీ వెళ్లి టీ తాగుతూ చూస్తా. రెండోసారి మొహం కనిపించేసరికి ఎవరో ఒకరు ఆడతారా అని పిలుస్తారు, గ్యారంటీ.

ఇప్పుడు అసలు పని. లోపలికెళ్లగానే బాళ్లు పేర్చే ట్రయాంగిల్ అందుకోకండి, ముందు గది మూలల్లోకి చూడండి. బట్టల ఇస్త్రీ పెట్టెకంటే బరువుగా, అడుగు నున్నగా ఉండే ఇనుప పెట్టె ఒకటి కనిపిస్తే సంతోషించండి, స్నూకర్ క్లాత్‌కి బ్రష్ కొట్టాక ఇస్త్రీ చేసేది దాంతోనే, అది వాడేచోట టేబుళ్లు బాగుంటాయి. ఏదైనా టేబుల్ మీద గుడ్డ కప్పి ఉంటే అదీ మంచి గుర్తే, ఆ టేబులే అడగండి, ఇవ్వకపోయినా మీకు విషయం తెలుసని అవతలోడికి అర్థమవుతుంది.

తర్వాత అరచేత్తో క్లాత్ నిమరండి. స్నూకర్ క్లాత్‌కి నూగు ఉంటది, బాక్ వైపు నుంచి, అంటే ఆట మొదలెట్టే వైపు నుంచి, అవతల బ్లాక్ బాల్ ఉండే వైపుకి నిమిరితే పిల్లి వీపులా మెత్తగా ఉంటది, ఎదురు నిమిరితే గరుకు. రెండు వైపులా ఒకేలా బోడిగా తగిలిందంటే క్లాత్ అరిగిపోయినట్టు. పూల్ టేబుల్ క్లాత్‌కి ఈ నూగు ఉండదు, అక్కడ ఈ పరీక్ష పనికిరాదు. ఆ తర్వాత వైట్ బాల్ తీసుకుని బాక్ నుంచి సైడ్ కుషన్‌కి, అంటే పక్క రబ్బరు అంచుకి, బెత్తెడు దూరంలో, తిన్నగా, అవతలి కార్నర్ దాకా వెళ్లి ఆగిపోయేంత మెల్లగా దొర్లించండి. మీరు చూడాల్సింది చివరి రెండడుగులే. గట్టిగా కొడితే ఏ టేబుల్ మీదైనా బాల్ తిన్నగానే పోతుంది, బాల్‌లో ప్రాణం అయిపోతున్నప్పుడే టేబుల్ వాలు బయటపడేది. కుషన్‌కి అతుక్కుపోయిందా, లోపలికి తిరిగిందా చూసి అవతలి సైడ్ కూడా అదే చెయ్యండి. కొంచెం వాలుంటే పారిపోనక్కర్లేదు, ఎటు వాలుందో మీకు తెలిసింది కదా, అది చాలు.

అప్పుడొక గట్టి షాట్, వైట్‌ని తిన్నగా పొడవునా కొట్టి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగిందో లెక్కెట్టండి. 12 అడుగుల టేబుల్ మీద నాలుగు పొడవులు ఆయాసపడకుండా రావాలి. మూడుకే చతికిలపడితే క్లాత్ తడిసిందనో కుషన్ రబ్బర్ చచ్చిందనో అర్థం. వైజాగ్, చెన్నై, ముంబై లాంటి సముద్రం పక్క ఊళ్లలో వానాకాలం ఇది మామూలే, క్లాత్ తేమ పీల్చేసి బాల్ బురదలో దొర్లినట్టు వెళ్తది, హైదరాబాద్ లెక్కలో కొడితే ప్రతి షాట్ సగంలో ఆగుతుంది. మొదటి అరగంట స్కోర్ మర్చిపోయి కేవలం వేగం అలవాటు చేసుకోండి, నేను మొదటిసారి చెన్నైలో ఆ పని చెయ్యకుండా నేరుగా ఫ్రేమ్, అంటే ఒక పూర్తి ఆట, ఆడి ఒక పదేళ్ల పిల్లాడి చేతిలో ఓడిపోయా. ఆ పిల్లాడు "పర్వాలేదు అంకుల్" అన్నాడు, అది ఇంకా గుచ్చుకుంటానే ఉంది.

పూల్‌కి వస్తే ఇంకో గొడవ, బాళ్లు. పూల్ బాల్ 57 మిల్లీమీటర్లు, స్నూకర్ బాల్ 52.5. మన పార్లర్లలో పూల్ వైట్ పోతే స్నూకర్ వైట్ పెట్టేసి ఏమీ ఎరగనట్టు కూర్చుంటారు. వైట్‌ని ఇంకో బాల్ పక్కన ఆనించి పెట్టి కిందికి వంగి చూడండి, రెండు తలలూ ఒకే ఎత్తులో లేకపోతే మార్చమనండి. చిన్న వైట్‌తో డ్రా షాట్లు, అంటే వైట్‌ని వెనక్కి రప్పించే షాట్లు, అద్భుతంగా పడి మీరేదో పెద్ద ప్లేయర్ అయిపోయారనిపిస్తది, నమ్మకండి.

మార్కర్ గురించి చెప్పకపోతే ఇదంతా వేస్ట్. బాళ్లు పేర్చేది, స్కోర్ చెప్పేది, లైట్ వేసేది ఆయనే, కానీ ఆ హాల్లో అందరికంటే ఎక్కువ ఆట చూసింది కూడా ఆయనే. చాలామంది కుర్రాళ్లు ఏయ్ అని పిలుస్తారు, చూస్తే ఒళ్లు మండుతుంది. వైజాగ్‌లో ఒక పెద్దాయన్ని అడిగా, "బాబాయ్, మీ వాళ్లు మ్యాచ్ ఆడేది ఏ టేబుల్ మీద?" అని. ఆయన నా స్టిక్ కేస్ వంక ఒకసారి చూసి, "మూడో నంబర్ బాబూ, ఎడంపక్క మిడిల్ పాకెట్ మాత్రం తీసుకోదు, దాన్ని వదిలెయ్" అన్నాడు. గంట తర్వాత చూస్తే నిజంగానే ఆ పాకెట్‌లో నాకు ఒక్కటి పడలేదు. వెళ్లేటప్పుడు టీకి ఇరవై ముప్ఫై ఇవ్వండి, నంబర్ తీసుకోండి. నా ఫోన్‌లో "మార్కర్ వైజాగ్", "మార్కర్ కోయంబత్తూర్" అని అలాంటివి ఎన్నో ఉన్నాయి, అన్ని యాప్‌ల కంటే అవే పనికొచ్చాయి.

తెలియనోళ్లతో ఆడేముందు రూల్స్ నోటితో అడిగేసుకోండి. ఎనిమిది బాల్‌లో ఒక ఊళ్లో ఫౌల్‌కి రెండు షాట్లంటారు, ఒకచోట వైట్ చేతిలోకిస్తారు, ఇంకోచోట బ్లాక్‌ని మీ ఆఖరి బాల్ పడ్డ పాకెట్‌లోనే వెయ్యాలంటారు. అన్నిచోట్లా వాళ్లదే అసలు రూల్, వాదించకండి. ఓడినోడు టేబుల్ డబ్బులు కట్టడం మామూలు పద్ధతి, అంతవరకు సరే. అంతకుమించి డబ్బులు పెడదామని ఎవడైనా అంటే, ముఖ్యంగా మొదటి రెండు ఫ్రేములు మీ చేతిలో కష్టపడి ఓడిపోయినోడు అంటే, మీ ట్రైన్‌కి టైమయిందని చెప్పండి. ఎదుటోడు షాట్‌కి వంగినప్పుడు వాడి కంటి లైన్‌లో నిలబడొద్దు. మీ చొక్కా చెయ్యి బాల్‌కి తగిలితే ఎవరూ చూడకపోయినా ఫౌల్ అని మీరే చెప్పెయ్యండి, ఆ ఒక్క మాటతో ఆ హాల్లో మీకు ఏడాదికి సరిపడా మర్యాద దొరుకుద్ది.

స్టిక్ మోసుకెళ్లడం. ఫ్లైట్‌లో చేతి సామానుగా స్టిక్ ఒప్పుకోరు, గట్టి కేస్‌లో పెట్టి చెక్ఇన్‌లో వెయ్యాల్సిందే. అందుకే తిరిగేవాళ్లకి మధ్యలో విడిపోయే స్టిక్ మేలు, మూడొంతుల దగ్గర విడిపోయే ముప్పావు స్టిక్ కేస్ పొడుగ్గా ఉండి ఆటోలో కూడా ఇబ్బందే. ట్రైన్‌లో అయితే పై బెర్త్ బుక్ చేసుకుని గోడవైపు పెట్టుకుని పడుకోండి, సీటు కింద మాత్రం పెట్టొద్దు. నేను ఒకసారి గుడ్డ కేస్‌లో సీటు కింద పెట్టా, మధ్యలో ఎక్కినోళ్లు ఇనప్పెట్టె ఒకటి తోశారు, పొద్దున్న తీసి చూస్తే స్టిక్ కొసన టిప్ కింద ఉండే ఇత్తడి తొడుగు వంకరపోయి ఉంది, ఆ టూర్ మొత్తం హాల్లో స్టిక్‌లతోనే కానిచ్చా. ఎండలో ఆపిన కారులో కూడా వదలకండి, కర్ర వంగిపోద్ది. ఇంకోటి, స్నూకర్ స్టిక్ టిప్ 9.5 మిల్లీమీటర్లో ఎంతో ఉంటది, దాంతో పూల్‌లో బ్రేక్, అంటే పేర్చిన బాళ్లని చెదరగొట్టే మొదటి షాట్, కొట్టకండి, బ్రేక్‌కి హాల్లో ఉన్న లావు స్టిక్ తీసుకుని, టేబుల్ మీద దొర్లించి వంకర చూసుకుని వాడండి.

ఇక ఊళ్ల సంగతి. ఒక్క ఊరే వెళ్లగలిగితే బెంగళూరెళ్లండి. వసంత నగర్‌లో కర్ణాటక స్టేట్ బిలియర్డ్స్ అసోసియేషన్ ఉంది, బిలియర్డ్స్, స్నూకర్ ఛాంపియన్ పంకజ్ అద్వానీ పెరిగింది అక్కడే, అరవింద్ సవూర్ దగ్గర నేర్చుకుని. 2024 నవంబర్‌కి పంకజ్‌కి 28 వరల్డ్ టైటిళ్లు. ఆ ఊళ్లో మామూలు పార్లర్లలో కూడా కుర్రాళ్లు ఎదుటోడికి ఛాన్స్ ఇవ్వని సేఫ్టీ షాట్ ఆడతారు, మన దగ్గర దొరికిందల్లా పగలగొట్టే బ్యాచే ఎక్కువ. కోల్‌కతా వెళ్తే గ్రేట్ ఈస్టర్న్ హోటల్ ముందు ఒక నిమిషం నిలబడండి, విల్సన్ జోన్స్ 1958లో వరల్డ్ అమెచ్యూర్ బిలియర్డ్స్ గెలిచింది అక్కడే, మన దేశానికి విడిగా ఒక ఆటగాడు తెచ్చిన మొదటి ప్రపంచ టైటిల్ అది. ఇండోర్‌లో యశ్వంత్ క్లబ్‌లో నేషనల్స్ జరిగే రోజుల్లో పడితే ఆడ్డం మానేసి చూడ్డానికే వెళ్లండి.

మనమేం తక్కువ తినలేదు. ప్రొఫెషనల్ స్నూకర్ టోర్నీ ఇండియన్ ఓపెన్ 2016లో హైదరాబాద్‌లో జరిగింది, ఆంథనీ మెక్‌గిల్ గెలిచాడు. 2017లో అదే వైజాగ్ వచ్చింది, జాన్ హిగ్గిన్స్ కొట్టాడు, ఫైనల్లో ఓడింది మళ్లీ ఆ మెక్‌గిలే. ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఇంగ్లండ్ బరోస్ అండ్ వాట్స్ కంపెనీ వాళ్ల పాత బిలియర్డ్స్ టేబుల్ ఉంది, మన బడ్జెట్‌కి అది చూడ్డం వరకే.

ఊటీకి హనీమూన్ అని చెప్పి స్నూకర్ కోసం వెళ్లిన మహానుభావులు ఉన్నారు, ఒకడు నాకు క్లోజ్. ఆట పుట్టింది 1875లో జబల్పూర్‌లో, నెవిల్ ఛాంబర్లేన్ అనే ఆర్మీ కుర్రాడి బుర్రలోంచి, రూల్స్ రాసి గోడకి పెట్టింది మాత్రం తర్వాత ఊటీ క్లబ్‌లో. కానీ మెంబర్ తోడు లేకుండా గేటు దాటనివ్వరు, మావాడు కొత్త పెళ్లాంతో గేటు ముందు ఫొటో దిగి వచ్చాడు. సికింద్రాబాద్ క్లబ్, నిజాం క్లబ్, ముంబై జింఖానాలు అన్నీ ఇంతే. మీ మామయ్యో బాసో ఏదైనా పాత క్లబ్‌లో మెంబరైతే, వాళ్ల క్లబ్‌కి ఏ ఊళ్లో ఏ క్లబ్‌తో అఫిలియేషన్ ఉందో లిస్ట్ అడగండి, వాళ్లతో కలిసి వెళ్తే గెస్ట్‌గా పని జరుగుద్ది. కాలర్ ఉన్న చొక్కా, బూట్లు తప్పనిసరి, చెప్పులతో వెళ్తే ఎంత పెద్ద ఆటగాడినైనా బయట బెంచీ మీదే కూర్చోబెడతారు.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఒక్క ముక్క. అక్కడ బార్లలో ఉండేది 7 అడుగుల నాణేల టేబుల్, టేబుల్ అంచు మీద క్వార్టర్ పెడితే తర్వాతి ఆట మీది, గెలిచినోడు దిగడు. సీరియస్‌గా ఆడాలంటే 9 అడుగుల టేబుళ్లున్న హాల్ వెతుక్కోండి, న్యూయార్క్‌లో ఆమ్‌స్టర్‌డామ్ బిలియర్డ్స్ లాంటివి. ఇక్కడి స్నూకర్ అలవాటుతో వెళ్తే ఆ పాకెట్లు మొదటి గంట బకెట్లలా కనిపిస్తాయి, రెండో గంటకి ఎదురుగా ఉన్న అరవై ఏళ్లావిడ తొమ్మిది బాళ్లూ వరుసగా దించేసి మీ టేబుల్ డబ్బులు మీ చేతే కట్టిస్తుంది. ఆవిడ పేరు అడగండి, వచ్చే వారం లీగ్ ఏ రోజో అడగండి, మీ క్వార్టర్ మళ్లీ టేబుల్ అంచు మీద పెట్టండి.