మొంబాసా కోట గుమ్మం మీది రాయి చదవడం ఎలా

కెన్యా తీరాన మొంబాసాలో ఉంటున్న పాపానికి, మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ పోర్చుగీసువాళ్ల పాత కోట ఫోర్ట్ జీసస్‌కి తిప్పడం నా డ్యూటీ. అందరూ ఫిరంగుల దగ్గర ఫొటోలు దిగుతారు. గుమ్మం పైనున్న శాసనం రాయిని మాత్రం ఎవరూ చూడరు.

లోపలికెళ్లే తొందర మానేసి, గుమ్మానికి ఎదురుగా నిలబడి తలెత్తండి. పోర్చుగీసు రాకపోయినా ఫర్వాలేదు. మొదట అంకెలు పట్టుకోండి. 1635లో ఫ్రాన్సిస్కో దె సైషాస్ కబ్రైరా నాలుగేళ్లకు ఈ కోట కెప్టెన్ అయ్యాడు. అప్పటికి అతని వయసు 27. కెప్టెన్ అంటే సిపాయిలకే కాదు, ఊరికీ గవర్నరే.

తర్వాత మన గుడి శాసనం చదివినట్టే చదవండి. ఈ చిట్కా తెలుగు మాస్టారుగా రిటైరైన మా బావగారిది. నేను ఫోన్‌లో అనువాదం చదువుతుంటే ఆయన వేళ్లు మడుస్తూ నిలబడ్డారు. "ఇది కట్టడం, ఇది దిగ్విజయం, ఇవి బిరుదులు. అచ్చం రాజుల్ని పొగిడే ప్రశస్తే కదోయ్!" నిజమే. కోట బాగుచేయించి కావలి గది కట్టించాడు, తీరంలోని రాజుల చేత కప్పం కట్టించాడు, పాటె, సియూ ఊళ్ల గోడలు కూల్చాడు, పెంబా దీవిలో ఊరి పెద్దల్ని చంపించాడు. ఆ చివరిది కూడా గొప్పగానే చెక్కించుకున్నాడు మహానుభావుడు!

"ఇండియా" అన్న మాట దగ్గర కాస్త ఆగండి. పాటెకి, సియూకి వేసిన శిక్ష ఇండియాలో అంతకుముందు ఎవరూ ఎరగనిదట. ఆఫ్రికా గోడ మీద ఇండియా ఏంటి? ఆఫ్రికా దక్షిణ కొసనున్న కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాటాక పోర్చుగీసువాళ్ల ఏలుబడిలో ఉన్నదంతా వాళ్ల లెక్కలో ఇండియా రాజ్యమే, పెత్తనం గోవాలోని వైస్రాయ్‌ది. కబ్రైరాకి బహుమానంగా రాసిచ్చినవాటిలో శ్రీలంకలోని జాఫ్నా గవర్నర్‌గిరీ ఉంది.

ఇక రాతిలో లేనిది. "దుర్మార్గపు రాజు" అని ఆ రాయి ఒక్క ముక్కలో తేల్చేసిన మనిషి మొంబాసా సుల్తాను యూసుఫ్ బిన్ హసన్. తండ్రిని పోర్చుగీసువాళ్లే చంపించి, పిల్లాణ్ని గోవా తీసుకెళ్లి, బాప్తిస్మమిచ్చి, డోం జెరోనిమో అని పేరుపెట్టి పెంచారు. పెద్దయి తిరిగొచ్చినవాడు 1631 ఆగస్టులో ఇదే కోటలో అప్పటి కెప్టెన్‌ను పొడిచి చంపాడు. మరుసటి ఏడు ముట్టడిని తట్టుకుని, కోటను పాడుచేసి ఓడెక్కి వెళ్లిపోయాడు. పోర్చుగీసువాళ్లు మళ్లీ అడుగుపెట్టింది ఖాళీ కోటలోకి. కబ్రైరా చెప్పుకున్న రిపేర్ల వెనక ఉన్న కథ ఇది.

రాయి చివర్లో 1639 అన్న ఏడు కనిపించిందా? ఇక ఫిరంగుల దగ్గరికి వెళ్లి ఫొటోలు దిగండి.